కత్తెర పెట్టని అంగి

మా అవ్వ కోతి మీదికి కట్టె విసరబోయి అరుగు మీది నుంచి పడింది. కోతి ఎండబెట్టిన మామిడి ముక్కలు తిని వెళ్లిపోయింది, అవ్వ కుడిచెయ్యి విరిగింది. దవాఖానలో మోచేతి పైదాకా పిండికట్టు వేశారు. పలకరించడానికి వచ్చినవాళ్లు కోతి సంగతి అడిగితే "దానికేమైతది, నా మామిడికాయ తిని బలిసింది" అనేది.

అవి మా భువనగిరి కొత్తగా జిల్లా అయిన రోజులు. వైశాఖం ఎండలు. పగలంతా కాగిన గుట్ట పొద్దు వాలాక కూడా ఊరి మీదికి సెగ వదులుతూనే ఉండేది. అవ్వకు మాత్రం ఎండకంటే జాకెట్టుతోనే పెద్ద తంటా. కట్టున్న చెయ్యి ఏ జాకెట్లోనూ పట్టదు. అందుకని కొంగు కప్పుకుని లోపలి అర్రలో ఫ్యాను కింద కూర్చునేది. సాయంత్రం వాడకట్టు ఆడవాళ్లంతా చేరేది మా అరుగు మీదే. వాళ్ల నవ్వులు లోపలికి వినిపిస్తుంటే అవ్వ మొహం చిన్నబోయేది.

"అరుగు నాది, ముచ్చట వాళ్లది. గిట్లనే లోపట కూసుంటే నన్ను మర్శేపోతరు."

మా బాపు ఒక నైటీ కొనుక్కొచ్చాడు. అవ్వ దాన్ని వేలితో కూడా ముట్టలేదు.

"గీ గోనెసంచి ఏసుకొని అరుగెక్కితే ఉన్న ఇజ్జత్ పోతది."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "అయితే లోపల్నే ఉండు" అనేశాను. అవ్వ మెల్లగా, "సందుగల మీ తాత రుమాళ్లున్నయి. వాటితోని ఏమన్న కుట్టరాదు" అంది.

నాకు నవ్వాగలేదు. మిషను తొక్కడం వచ్చినా, పట్నంలో చదువుకున్న నాకు రుమాలంటే జేబులో పెట్టుకునేదే.

"రుమాలుతోని జాకెట్ ఏడైతదే అవ్వా? బొమ్మకు కుట్టాల్నా?"

"ముక్కు తుడుసుకునేది గాదే పిల్లా, నెత్తికి సుట్టుకునేది."

సందుగ పెట్టె తెరిస్తే తాత తలకు చుట్టుకున్న తేలియా రుమాళ్లు రెండు కనబడ్డాయి. పుట్టపాక వైపు నూనెలో నానబెట్టిన నూలుతో నేస్తారు వాటిని. ఎర్రటి గుడ్డ మీద నల్లటి, తెల్లటి గళ్లు. ఎన్ని ఉతుకులకో మల్లెపువ్వంత మెత్తబడ్డాయిగానీ నూనె వాసన పూర్తిగా పోలేదు. తాత పోయి చాలా ఏళ్లయింది. నాకు బాగా గుర్తున్నది ఆయన నడకే. ఎక్కడికి పోయినా ఆయన ముందు, అవ్వ బాగా వెనక. అంగట్లో జనం మధ్య తప్పిపోకుండా ఆ ఎర్ర రుమాలునే చూసుకుంటూ నడిచేదాన్నని అవ్వ చెప్పేది.

నేను కత్తెర చేతికి తీసుకున్నాను.

"కత్తెర పెట్టకు. రుమాలు రుమాలు లెక్కనే ఉండాలె. కట్టు ఇప్పినంక కుట్లు తీసి మళ్ల సందుగల పెడ్త."

కత్తెర లేకుండా అంగి కుట్టమనడం నూనె లేకుండా పూరీలు చేయమన్నట్టే. గొణుక్కుంటూనే రుమాళ్లు మంచం మీద పరిచాను. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. ఒక భుజం, దాని కింద పక్క కలిపి, చెయ్యి దూరేంత జాగా వదిలాను. తీయడానికి వీలుగా చేత్తోనే దూరదూరంగా కుట్టాను. కట్టున్న చేతి వైపు కుట్టకుండా, ముడేసుకోవడానికి నాడాలు పెట్టాను. తొడగబోతే నాడాలు మంచి చేతి వైపు వచ్చాయి. అవ్వకు ఎదురుగా కూర్చుని కొలత పట్టాను కదా, నా కుడి ఆమెకు ఎడమయింది. చేసిందంతా విప్పాలని తల పట్టుకుంటే అవ్వ నవ్వింది.

"ముందటిది ఎనుకకు తిప్పు. రుమాలుకు ముందేంది, ఎనుకేంది?"

తిప్పితే సరిగ్గా సరిపోయింది. ఆ సాయంత్రమే పైన కొంగేసుకుని అరుగెక్కింది. ఆడవాళ్లు గుడ్డ పట్టి చూసి, ఎవరు కుట్టారని అడిగారు. "పట్నం టైలరు, శాన బిజీ మనిషి" అని నా వైపు చూడకుండా చెప్పింది. అంత సంతోషం నాకు ఏ కొత్త డ్రెస్సు కుట్టినా కలగలేదు.

వానలు మొదలయ్యే వేళకు కట్టు విప్పారు. మాట ప్రకారం కుట్లు తీద్దామని సూది పట్టుకుని కూర్చున్నాను. అవ్వ భుజం మీది ముడిని చేత్తో పట్టుకుంది.

"ఉండనియ్యి."

"రుమాలు లెక్కనే ఉండాలంటివి గద?"

"అన్న. బతికున్నన్ని దినాలు నలుగుర్ల నా పక్కకు రాలే ఆయన. గిప్పుడు దినాం నా భుజం మీద చెయ్యేసి అరుగు మీద కూసుంటుండు. మళ్ల సందుగల ఏస్తనా?"

పక్కన ఒకచోట కుట్టు ఊడుతోందని చూపించింది. ఈసారి మిషను మీద గట్టిగా కుట్టి ఇచ్చాను.