గెలుపు పలక దగ్గర అల్లుడు

మిత్సువా బజారుకి వచ్చి ముప్పై ఒక్క ఏళ్ళయినా టెత్సురోని అందరూ కొత్తల్లుడనే అంటారు. ఓసాకా పక్కన, గాజుకప్పు కింద పారే ఆ పొడుగాటి వీధిలో మనిషి పాతబడడానికి ఒక తరం చాలదు. రెండు తరాలు కావాలి, లేదా చచ్చిపోవాలి.

టెత్సురో టోక్యోలో పుట్టాడు. తండ్రి అచ్చాపీసులో అక్షరాలు పేర్చేవాడు. సోయాపాలతో చేసే జున్నులాంటి టోఫు అమ్మే గెన్‌జో దుకాణానికి మగదిక్కు లేకపోతే ఆయన కూతురు మిసావోని చేసుకుని ఇల్లరికం వచ్చాడు. ఇంటిపేరు మార్చుకున్నాడు. యాస మార్చుకున్నాడు. ఇక్కడి పల్చని చారు తాగి బాగుందనడం నేర్చుకున్నాడు. పెళ్ళిచూపుల్లో మామగారు మూడే ప్రశ్నలు అడిగాడు. తాగుతావా, జూదం ఆడతావా, ఏ జట్టు? మొదటి రెంటికీ అతను నిజమే చెప్పాడు. మూడోదానికి, "బేస్‌బాల్ నాకు పట్టదండీ" అన్నాడు.

అది అబద్ధం. ఏడేళ్ళప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని అతను మొదటిసారి మైదానం చూశాడు. అంత పచ్చదనం ఒకేచోట ఉంటుందని అప్పటిదాకా తెలియదు. ఒక తెల్లటి బంతి లేచి, సాయంకాలపు ఆకాశంలో ఓ క్షణం ఎవరిదీ కాకుండా నిలబడింది. తండ్రి మెడ నరాలు తన కాళ్ళ కింద బిగుసుకోవడం అతనికి ఇప్పటికీ గుర్తే. ఆ రోజు నుంచీ టోక్యో జట్టు అతని ఒంట్లో రక్తం గ్రూపులాగా ఉండిపోయింది, మార్చుకోవడానికి వీల్లేకుండా.

మిత్సువా బజారులో ఆ జట్టు పేరు ఎవరూ పలకరు. రాత్రిపూట పాముని పురుగు అన్నట్టు, "అటువైపు వాళ్ళు" అంటారు.

టోఫు దుకాణం పైన ఒక నల్ల పలక ఉంది. ఇంకెన్ని ఆటలు గెలిస్తే కప్పు మనదో చెప్పే పలక. మిగతా ఊళ్ళు ఆ లెక్క సెప్టెంబరులో మొదలుపెడతాయి, తమ జట్టు ముందుందని తేలాక. మిత్సువా బజారు మార్చిలోనే, మొదటి బంతి పడకముందే, నూట నలభై మూడు అని తగిలిస్తుంది. ఏడాదికి ఉన్న ఆటలే నూట నలభై మూడు. గెలిచినప్పుడల్లా ఒకటి తగ్గిస్తారు. అంటే సున్నా రావాలంటే జట్టు ఒక్క ఆట కూడా ఓడకూడదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇక్కడివాళ్ళు వింటే, పేరు బాగుంది, బారసాల ఎప్పుడని అడుగుతారు. టెత్సురో రాకముందు ఒకసారి, కప్పు నిజంగానే వచ్చిన ఏడాది, అంకె యాభై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. గెన్‌జో నిచ్చెనెక్కి రెండు చెక్క అంకెలూ పీకేసి సున్నా తగిలించాడు. లెక్క కుదరలేదన్న మంగలి యాసుజికి ఆ నెలంతా టోఫు పుట్టలేదు.

పెళ్ళయిన రెండో నెలలో ఆ అంకెలు మార్చే పని గెన్‌జో అల్లుడికి అప్పగించాడు. బజారులో అంతకన్నా పెద్ద పదవి లేదు. గెలిచిన మర్నాడు ఉదయం ఏడింటికి దుకాణాల తలుపులు సగం ఎత్తి, జనం నిచ్చెన చుట్టూ చేరతారు. టెత్సురో ఎక్కుతాడు. పాత అంకె తీస్తాడు, కొత్తది తగిలిస్తాడు. కింద చప్పట్లు. గాజుకప్పు లోపల చిక్కుకున్న పిచ్చుకలు ఆ చప్పుడికి ఎగిరి మళ్ళీ అక్కడే వాలతాయి. తనని నమ్మి ఇచ్చిన పని కదా అని అతను ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా దిగుతాడు. ఏమీ కనపడడం లేదనే అతను అనుకునేవాడు.

ఈ ఏడాది జూలై నాటికి పలక మీద అంకె నూట ఐదు. జట్టు ఒకరోజు గెలిచినట్టు, మర్నాడు ఏడిపించినట్టు ఆడుతోంది. రోజూ దుకాణం ముందు బెంచీ మీద అదే గొడవ.

"మూడో బేస్ దగ్గర వాడున్నాడే, వాడు బంతి పట్టడం చూస్తే వేడి కుండ పట్టుకున్నట్టుంటుంది" అంది చేపల తొమెకో, మోకాళ్ళ మీద చేతులు తుడుచుకుంటూ.

"వాడి తప్పేం లేదు. మేనేజరు క్రాపు చూశావా? ఆ క్రాపుతో ఎవరైనా గెలుస్తారా?" అన్నాడు యాసుజి.

"నీ దగ్గరే కదా చేయించుకున్నాడు, మొన్న వచ్చినప్పుడు."

"అందుకే చెప్తున్నా. నేను చెప్పింది వినలేదు."

గెన్‌జోకి ఎనభై తొమ్మిది. బెంచీ చివర కూర్చుని, ఎవరేమన్నా "ఈ ఏడు మనదే" అని ముగిస్తాడు. ఏటా అదే మాట. అర్ధశతాబ్దంలో రెండుసార్లు నిజమైంది కాబట్టి ఆయన్ని అందరూ జ్యోతిష్కుడంటారు.

ఆ వారం అటువైపు వాళ్ళతో ఆట పడింది. టెత్సురో సోయా గింజలు నానబోస్తూ, ఒక చెవిలో రేడియో తీగ పెట్టుకుని విన్నాడు. బంతి విసిరింది టోక్యో జట్టులోని నలభై ఒక్క ఏళ్ళవాడు. మోచేయి అరిగిపోయిందని, ఇదే ఆఖరి ఏడాదని అందరూ తేల్చేసిన మనిషి. మొదటి బంతి నుంచి ఆఖరి బంతి దాకా అతనే విసిరాడు. ఒకటి, సున్నా. గెలిచాడు. టెత్సురో చేతులు నీళ్ళలో గింజల మధ్య అలాగే ఉండిపోయాయి. నీళ్ళు గోరువెచ్చగా అనిపించాయి, చల్లటివే అయినా.

తెల్లవారి సోయాపాలు కాచాడు. ఆవిరి తెరలు తెరలుగా లేచింది. టోఫు ఆ రోజు ఎంత మెత్తగా కుదిరిందంటే కత్తి దిగుతున్నట్టు కూడా తెలియలేదు. ఏడైంది. గెలిచిన ఉదయం ఏం చేయాలో ముప్పై ఒక్క ఏళ్ళుగా కాళ్ళకి తెలుసు. కాళ్ళు నిచ్చెనెక్కాయి. చేతులు ఐదుని తీసి నాలుగు తగిలించాయి. అతను ఈల వేస్తున్నాడు.

"అల్లుడుగారూ" అంది కింద నుంచి తొమెకో. "నిన్న మనం ఓడిపోయాం."

ఈల ఆగిపోయింది. గుండె నిచ్చెన కంటే ముందే కిందికి దిగింది. పలక మీద నూట నాలుగు, ఎవరికి కావాలంటే వాళ్ళకి కనపడేంత పెద్దగా ఉంది.

తలుపులు ఎత్తిన చప్పుడు. యాసుజి చేతిలో సబ్బు నురగ గిన్నెతోనే వచ్చాడు. సగం గడ్డం గీసిన గిరాకీ కూడా వెనకే వచ్చాడు. మిసావో గడపలోకి వచ్చి, "రాత్రి సరిగ్గా నిద్ర లేదండీ ఈయనకి, మత్తులో మార్చేశారు" అంది.

అబద్ధం చేతికి అందించినట్టే ఉంది. పట్టుకుంటే చాలు, పదవీ పరువూ నిలుస్తాయి. టెత్సురో పట్టుకోబోయాడు. కానీ ఆ నలభై ఒక్క ఏళ్ళ మోచేయి గుర్తొచ్చింది. దాన్ని నిద్రమత్తు అనడానికి నోరు రాలేదు.

"మత్తు కాదు" అన్నాడు నిచ్చెన మీదనుంచే. "నిన్న గెలిచింది నా జట్టు. నేను అటువైపు వాణ్ణి. చిన్నప్పటినుంచీ."

ఈ పలక ఇక తనది కాదనుకున్నాడు. ఈ వీధిలో రేపట్నుంచి తన చేతి టోఫు ఎవరు తింటారా అనుకున్నాడు.

"కొత్త సంగతేదైనా ఉంటే చెప్పండి" అన్నాడు యాసుజి. "నురగ ఆరిపోతోంది."

"మీకు తెలుసా?"

"పెళ్ళయిన వారానికే తెలుసు" అన్నాడు గెన్‌జో బెంచీ మీదనుంచి. "నిద్రలో వాళ్ళ బ్యాటింగ్ వరస ఒకటి నుంచి తొమ్మిది దాకా చదివావట. అమ్మాయి నాకు చెప్పింది. నేను యాసుజికి చెప్పాను. యాసుజికి చెప్తే ఇంకెవరికీ చెప్పక్కర్లేదు."

మిసావో తన ఏప్రన్ అంచుని శ్రద్ధగా మడతపెడుతోంది.

"మరి ఈ పని నాకెందుకిచ్చారు?"

ముసలాయన చేతికర్ర మీద గడ్డం ఆనించాడు. "మనవాళ్ళు గెలిస్తే మనకి సంతోషమే. కానీ అటువైపు వాళ్ళు ఏడుస్తున్నారో లేదో ఎట్లా తెలుస్తుంది? టోక్యో దూరం. నువ్వు దగ్గర. గెలిచిన పొద్దున్న ఆ నిచ్చెన మీద నీ మొహం చూస్తే నాకు మందులక్కర్లేదు. ఊరంతా వచ్చేది అంకె చూడ్డానికి అనుకున్నావా?"

"అంకె నాకు ఇంట్లోంచే కనపడుతుంది" అంది తొమెకో. "మొహానికే చేపలు వదిలేసి వస్తాను. ఇవాళ ఆ మొహం నవ్వింది, అందుకే కోపమొచ్చింది. ఐదు మళ్ళీ పెట్టి దిగండి."

టెత్సురో ఐదు మళ్ళీ పెట్టి దిగాడు. అందరూ టోఫు కొన్నారు, ఎప్పటికంటే ఒక ముక్క ఎక్కువే.

తర్వాత రెండు ఆటలు మనవాళ్ళు ఓడారు. మూడోది గెలిచారు. ఆ ఉదయం నిచ్చెన చుట్టూ ఎప్పుడూ లేనంత మంది. ఇక దాచుకోవడానికేమీ లేదు కాబట్టి ఏడుపు చిక్కగా ఉంటుందని ఆశ. పక్క వీధి వాళ్ళు కూడా వచ్చారు. గెన్‌జో బెంచీని కాస్త ముందుకి జరిపించుకున్నాడు.

టెత్సురో ఎక్కాడు. ఐదు తీశాడు. నాలుగు తగిలించాడు. నెమ్మదిగా జనం వైపు తిరిగి నవ్వాడు. పెళ్ళి ఫోటోలో కూడా అంత నవ్వలేదు. పళ్ళన్నీ కనపడేలా, గాజుకప్పు లోంచి పడుతున్న ఎండంతా నోట్లోకి తీసుకున్నట్టు నవ్వి, అలాగే నిలబడ్డాడు.

చప్పట్లు రెండు మోగి ఆగిపోయాయి.

"ఏంటి ఆ మొహం?" అన్నాడు యాసుజి.

"సంతోషం" అన్నాడు టెత్సురో. "గెలిచాం కదా."

ఆ 'గెలిచాం' అన్న మాట జనంలో ఎవరికీ గొంతు దిగలేదు. వాళ్ళ గెలుపులో ఇతనికి వాటా ఎక్కడినుంచి వచ్చింది? తొమెకో ఇటూ అటూ చూసి, "ఇవాళ్టి గెలుపులో ఉప్పు లేదు" అని చేపల దగ్గరికి వెళ్ళిపోయింది. పక్క వీధి వాళ్ళు మోసపోయినట్టు వెనక్కి తిరిగారు.

"ఒక్కసారి ఏడవచ్చు కదయ్యా, పెద్దవాణ్ణి అడుగుతున్నాను" అన్నాడు గెన్‌జో.

"ఏడవడానికేముంది మామయ్యగారూ. ఈ ఏడు మనదే."

ముసలాయన కర్ర తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. టోఫు గిన్నెల వెనక, ఆవిరిలో, టెత్సురో ముఖాన్ని దాని దారిన వదిలేశాడు. అది వెంటనే జారిపోయింది. మిసావో వేడినీళ్ళలో తువ్వాలు పిండి అతని బుగ్గల మీద పెట్టింది.

"నొప్పా?"

"కొంచెం."

"ఇంకా అరవై మూడు ఆటలున్నాయి" అంది.