సిగరెట్ మేడమ్

నాకు ఊపిరితిత్తుల కేన్సర్ అని తెలిశాక "నొప్పిగా ఉందా" అని ఎవరూ అడగలేదు. "సిగరెట్లు తాగేవారా?" అని అడిగారు. హఫీజ్‌పేటలో మా అపార్ట్‌మెంటు లిఫ్టులో అడిగారు, ఆఫీసు క్యాంటీన్లో అడిగారు. లేదన్నప్పుడు కొందరి మొహాల్లో నిరాశ కూడా చూశాను. అవునని చెబితే వాళ్లకు ధైర్యంగా ఉండేది. తాగింది, అనుభవిస్తోంది అనుకుని ఇంటికి పోయి హాయిగా నిద్రపోయేవాళ్లు. ఆ నిద్ర చెడగొట్టాలని నాకు కసి. అందరి మీదా ఆ కసి నిలవలేదు గానీ, ఒక మనిషి మీద మాత్రం నేటికీ పచ్చిగానే ఉంది.

ఆయన మా మేనేజరు. మాది హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఆఫీసు. పైన మీటింగ్ రూములో అనుకునేది ఒకటి, సాయంత్రం కింద టీ కొట్టు దగ్గర తేలేది ఇంకొకటి. ఏ పని ఎవరికి, ఈసారి ప్రమోషన్ ఎవరికి, అన్నీ ఆయన సిగరెట్ వెలిగించాకే తేలేవి. నేను కిందికి పోయేదాన్ని కాదు. నేను మొదటినుంచీ మోసుకొచ్చిన ప్రాజెక్టు ఒక సాయంత్రం అక్కడే ఇంకొకరి చేతికి పోయింది. మర్నాటి నుంచి నేనూ దిగడం మొదలుపెట్టాను. చేతిలో అల్లం టీ, చుట్టూ మగవాళ్లు వదిలే పొగ. కళ్లు మండేవి. జుట్టంతా అదే వాసన. అయినా ఏళ్ల తరబడి అక్కడే నిలబడ్డాను, నా పని నా చేతిలో ఉండాలని.

ఆ పొగ వల్లే జబ్బు వచ్చిందని నేను అనను. ఎందుకొచ్చిందో చెప్పలేమని డాక్టరే అన్నారు. కానీ జబ్బు సంగతి బయటపడ్డాక మా మేనేజరు ఆఫీసులో అన్న మాట నా చెవిన పడింది.

"మేడమ్ గూడ రోజు మాతోనే కిందికొస్తుండె గదా. ఏం జెప్తం, ఎవరిష్టం వాళ్లది."

అంతే. తాగిందని అనలేదు. అనకుండానే అందరికీ అర్థమయ్యేలా చేశాడు. భోజనాల దగ్గర నా డబ్బాలో గోంగూర కోసం ఎగబడేవాళ్లు నా బల్ల దగ్గరికి రావడం మానేశారు. మా ఆఫీసులోనే పనిచేసే దూరపు చుట్టం ఒకడు ఆ మాటను ప్రొద్దుటూరు దాకా మోసుకెళ్లి మా అమ్మ చెవిన వేశాడు.

అమ్మ నన్ను చూసుకోవడానికి వచ్చింది. గంజి కాచిపెట్టింది, కాళ్లు పట్టింది, ఒక మధ్యాహ్నం మెల్లగా అడిగింది.

"నిజం చెప్పు మే. ఎప్పుడన్నా తాగినావా? నేనెవురికీ చెప్పన్లే."

"లేదమ్మా."

"సరేలే," అంది. అది నమ్మిన సరేలే కాదు. బంధువులు ఫోన్ చేస్తే "నిమ్ము చేసింది, తగ్గిపోతాది" అని చెప్పేది. కేన్సర్ అంటే వాళ్లు వెంటనే ఏం అడుగుతారో ఆమెకు తెలుసు. మందులు, వాంతులు అన్నీ ఓర్చుకున్నాను. కన్నతల్లి నన్ను నమ్మకపోవడం మాత్రం ఓర్చుకోలేకపోయాను. ఆమె నమ్మేదాకా చావకూడదని మొండిపట్టు పట్టాను.

మా ఆఫీసు ఇన్సూరెన్సు చెల్లే కేన్సర్ ఆసుపత్రి ఆ చుట్టుపక్కల ఒకటే. అందుకే కిందటేడు స్కాను చూపించుకోవడానికి అమ్మతో వెళ్లినప్పుడు అక్కడి వరండాలో మా మేనేజరు కనబడటం వింతేమీ కాదు. పక్కన భార్య. చిక్కిపోయాడు, ఆగకుండా దగ్గుతున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. నాకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే బాగుంటుంది గానీ, అది అబద్ధం. వీడికీ వచ్చిందా అనుకుని నిటారుగా కూర్చున్నాను.

ఒక కుర్ర డాక్టరు కుర్చీల మధ్య తిరుగుతూ అందరి ముందే వివరాలు అడుగుతున్నాడు.

"సిగరెట్ అలవాటు ఉందా సార్?"

"లేదు," అన్నాడు మా మేనేజరు.

"ఎప్పుడూ లేదా?"

"ఎన్నడు లే."

నేను లేచాను. "ఉంది డాక్టర్ గారూ. రోజూ సాయంత్రం ఒకదాని వెనక ఒకటి కాలుస్తారు. పక్కన నిలబడింది నేనే." గట్టిగానే అన్నాను. వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. చూడాలనే అన్నాను.

ఆయన భార్య నన్ను ఎగాదిగా చూసింది. "ఆఫీసుల సిగరెట్లు తాగే మేడమ్ మీరేనా? మీ పక్కపొంటి నిలబడబట్టే బట్టలకు గా వాసనొస్తదని ఎన్నేండ్ల సందో చెప్తుండు ఈయన."

జబ్బు రాకముందు నుంచే వాళ్లింట్లో నేను సిగరెట్ మేడమ్‌ని. పెళ్లానికి భయపడి ఆయన నా పేరు తగలేశాడు. ఆఫీసులో అలవోకగా అన్న ఆ మాట, ఇంట్లో ఏళ్లుగా చెప్పి చెప్పి అలవాటైన అబద్ధం.

"చెప్పండి సార్, తాగేది ఎవరు?" అన్నాను.

ఆయనకు దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా ఎదురుగా కదలకుండా నిలబడ్డాను. మంచినీళ్లు కూడా అందించలేదు.

"నేనే," అన్నాడు చివరకు, భార్య వైపు చూడకుండా. "మేడమ్ ఎన్నడు ముట్టలే."

డాక్టరు రాసుకున్నాడు. భార్య ఏడవసాగింది. నాకు కడుపు నిండినట్టయింది, దాచను.

ఇటు తిరిగితే అమ్మ రెండు చేతులూ జోడించి కూర్చుని ఉంది. కళ్లనిండా నీళ్లు. "నాకు తెల్సు మే, నా బిడ్డ అట్లాంటిది కాదని. ఇంగ అందురికీ చెప్తా. కేన్సరే అని చెప్తా."

ఇన్నాళ్లూ నేను కోరుకున్నది అదే. తీరా అది దక్కాక నా కోపం ఆయన్ని దాటి అమ్మ మీదికి మళ్లింది.

"తాగుంటే ఏం చేసేదానివమ్మా?" అన్నాను.

"నువ్వు తాగలేదు గదా మే," అంది అమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. అంతలో లోపలి నుంచి నా పేరు పిలిచారు. ఆమె నా చెయ్యి పట్టుకుని లేవబోయింది. నేను చెయ్యి విడిపించుకుని ఒక్కదాన్నే వెళ్లాను.