ఖాళీ పాయింటర్ పంచాయితీ

తొంభైలలో కరీంనగర్ బస్టాండు దగ్గర, మేడ మీది కంప్యూటర్ సెంటర్లో నేను సి భాష నేర్చుకున్నాను. మా బాపు మరమగ్గం నడిపేవాడు. ఆదిలాబాద్ పత్తి మిల్లు సేటు ఒకాయన రైతుల పేర్లు వెతికే ప్రోగ్రాం మా సెంటర్లో రాయించుకుంటున్నాడు. అది సరిగ్గా నడిస్తే, దాని ముందు కూర్చునే నౌకరి నాకే ఇస్తానన్నాడు. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే పని ఎవరికీ లేదు. నాకది కావాలి, గట్టిగా కావాలి.

ప్రోగ్రాం రాసేది మాకు పాఠాలు చెప్పే ఇద్దరు సార్లు. పాయింటర్ అంటే ఫలానాది ఎక్కడుందో చెప్పే అడ్రసు. వెతికిన పేరు దొరక్కపోతే అది ఖాళీగా ఉంటుంది. ఖాళీయా కాదా అని చూసుకోకుండా ముందుకు పోతే కంప్యూటర్ బిగుసుకుపోతుంది. చూసుకోవాలని ఇద్దరికీ తెలుసు. ఎలా రాసి చూసుకోవాలన్న దగ్గరే పేచీ. పొద్దుటి సారు ఖాళీకి NULL అని అక్షరాలా రాయాలనేవారు. సాయంత్రం సారు పాయింటర్ పేరు ముందు ఒక్క ఆశ్చర్యార్థకం గుర్తు పెడితే చాలనేవారు. యంత్రానికి రెండూ ఒకటే. అయినా ఒకరు రాసింది ఇంకొకరు చెరిపి తమ తీరున రాసేవారు. టీ కూడా వేరు వేరు హోటళ్లలో తాగేవారు.

పంచాయితీ సెంటర్ ఓనరు దాకా పోయింది. ఆయనది పటేళ్ల ఇల్లు, ఊళ్లో ఎన్నో గట్టు తగాదాలు తెంపిన మనిషి. సి భాష ఒక్క ముక్క రాదు. ఇద్దరి మాటా విని, మీసం దువ్వి, తీర్పు చెప్పాడు.

"ఫైసలా అయ్యేదాక గా జాగల ఎవ్వలు దున్నొద్దు. ఇద్దరి రాతలు తీసెయ్యుండ్రి."

తీసేశారు. ఖాళీయా కాదా అని చూసుకునేదే ప్రోగ్రాంలో లేకుండా పోయింది. తనది పోయిందన్న బాధకన్నా అవతలివాడిది పోయిందన్న తృప్తే ఇద్దరికీ ఎక్కువ.

తర్వాతి వారం సేటు వచ్చాడు. పేరు కొట్టగానే రైతు దొరుకుతుంటే నేను లోలోపల పొంగిపోయాను. సేటుకూ హుషారొచ్చింది.

"జర మా బామ్మర్ది పేరు కొట్టు బిడ్డా" అన్నాడు.

బామ్మర్దికి పత్తి చేనే లేదట. కొట్టాను. తెర బిగుసుకుపోయింది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

"లేనోన్ని లేడని చెప్పనీకి మా గుమాస్తా చాలు" అని సేటు చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఆయన కిందికి చేరకముందే సార్లు మొదలుపెట్టారు.

"NULL అని రాస్తే గిట్లయితుండెనా?"

"నా గుర్తు ఉంచితే అయితుండెనా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుస్తూనే అరిచాను. "నా నౌకరి పోయింది సార్!"

ఇద్దరూ చప్పున ఆగి నా వైపు తిరిగారు. ఎన్నాళ్లకో ఇద్దరి నోటా ఒకటే మాట వచ్చింది.

"నువ్వే చెప్పు బిడ్డా, ఎవల్ది కరెక్టు?"