తడి ఆల్చిప్ప

యూనివర్సిటీలో మా రీసెర్చి బృందం పని వస్తువులను విరగ్గొట్టడం. వెదురు, ఎద్దు కొమ్ము, ఆల్చిప్ప, ఇట్లాంటివి ఎంత బరువుకు, ఏ తీరున విరుగుతాయో చూసేవాళ్ళం. ప్రకృతి చేసిన ఆ గట్టితనాన్ని మనం తయారుచేసే వస్తువులకు తేవచ్చా అన్నది మా ప్రశ్న. ఎనభైల మొదటి సంవత్సరాలవి. నా వంతు ఆల్చిప్ప. మా తాండూరు బండలోనూ, కాగ్నా వాగులో దొరికే ఆల్చిప్పలోనూ ఉన్నది దాదాపు ఒకే సున్నం. కానీ బండ సుత్తి దెబ్బకు పగిలిపోతుంది. ఆల్చిప్ప అంత తేలిగ్గా లొంగదు. ఎందుకు లొంగదన్నదే నా పీహెచ్‌డీ.

ఆ పనిని మూసేస్తున్నానని మా ప్రొఫెసర్ ఒక సాయంత్రం టీ తాగుతూ చెప్పారు. గ్లాసు కింద కూడా పెట్టలేదు. యంత్రంలో వంచినప్పుడు ఎండిన ముక్క ఎక్కువ బరువు మోసిందట, నీళ్ళలో ఉంచింది తక్కువకే విరిగిందట.

"మీ వాగు ఓడిపోయిందయ్యా. రేపటి నుంచి వెదురు పనిలో సీనియర్‌కు సాయం చెయ్యి."

"ఎంత మోసిందని కాదు సార్, విరిగేముందు ఎంత వంగిందో చూడుండ్రి. తడిది మస్తు సతాయించి విరిగింది. ఆల్చిప్ప బతికేది నీళ్ళల్లనే కద."

"టీలో ముంచిన బిస్కెట్ కూడా వంగుతది భాయ్," అన్నాడు సీనియర్. అందరూ నవ్వారు. ఎవరెవరు ఎంతసేపు నవ్వారో ఇప్పుడు అడిగినా చెప్పగలను.

తర్వాతి వారం వెదురు కోసం బృందమంతా వికారాబాద్ వచ్చి, అనంతగిరి గుట్ట కింద గెస్ట్‌హౌస్‌లో దిగింది. నేను ఇంటికి పోయొస్తానని తాండూరు వెళ్ళి, కాగ్నాలో మోకాళ్ళ లోతుకు దిగి ఆల్చిప్పలు ఏరుకున్నాను. వాటిని ఆ వాగు నీళ్ళలోనే బకెట్లో ఉంచాను. ఆ రోజే ప్రొఫెసర్ గారింటికి కందిపప్పు కొనడానికి మా బృందం జీపు తాండూరు వచ్చింది. నన్నూ ఎక్కించుకోమన్నాను. నీళ్ళు తొణికి పప్పు మూట తడుస్తుందన్నాడు డ్రైవర్. పప్పు జీపులో పోయింది, నేను ప్యాసింజర్ రైల్లో వచ్చాను.

రైల్లో బషీరాబాద్ నుంచి వస్తున్న ఒక ముసలమ్మ బకెట్లోకి తొంగి చూసింది.

"చేపలా నాయినా?"

"ఆల్చిప్పలమ్మా. యూనివర్సిటీల పరీక్ష చేస్తం."

"గీటితోని మేం మామిడికాయ చెక్కు తీస్తం. గిదేం సదువు బిడ్డా, పనికొచ్చేదేమన్న సదువరాదు?"

ఆమెనూ మరచిపోలేదు.

గెస్ట్‌హౌస్ వరండాలో అందరూ భోజనానికి లేవబోతుంటే బకెట్ తెచ్చి మధ్యలో పెట్టాను. ల్యాబులో ఎండబెట్టిన చిప్పలు నా సంచిలో ఉన్నాయి. వంటాయన దగ్గర తక్కెడలో తూకానికి వేసే ఇనుప గుండు అడిగి తెచ్చి సీనియర్ చేతికిచ్చాను. నేనే వేస్తే మోసం అంటారు.

"జానెడు ఎత్తు నుంచి ఇడువు," అన్నాను.

"అన్నం చల్లారుతది భాయ్."

"ఇడువు."

ఎండిన చిప్ప మీద గుండు పడగానే అది ముక్కలై నాలుగు దిక్కులకూ ఎగిరింది. అదే ఎత్తు నుంచి తడి చిప్ప మీద వేశాడు. దబ్ మన్నదంతే. ఇంకోటి వేయమన్నాను. మరోటి. చివరికి నేను చెప్పకుండానే సీనియరే బకెట్లో చెయ్యి పెట్టి తీయడం మొదలుపెట్టాడు. తడివి ఒక్కటీ ముక్కలు కాలేదు.

ప్రొఫెసర్ ఒక తడి చిప్పను వెలుతురుకు పట్టి చూశారు. సన్నని బీటలు అల్లుకుని ఉన్నాయి. రెండు బొటనవేళ్ళతో విడదీయబోయారు. విడిపోలేదు.

"నాకూ ఈ అనుమానం ఉండనే ఉంది," అన్నారు.

"అనుమానముంటే మూసేస్తనని ఎందుకన్నరు సార్?"

"అబ్బా, నీతో మాట్లాడటం కష్టమయ్యా. పద, తిందాం."

"పని ఎవరిది సార్?"

"నీదే."

"అందరికి ఇనపడేటట్టు చెప్పుండ్రి."

అప్పటికే లోపలికి వెళ్ళినవాళ్ళను కూడా ఆయన పిలిచారు. ఆల్చిప్ప పని నాదేనని, వారంలో సగం రోజులు యంత్రం నాకేనని చెప్పారు. సీనియర్ తలూపాడు. చాలదన్నాను. "సరే భాయ్, నీదే," అని నోటితో అన్నాకే చేతులు కడుక్కున్నాను.

అన్నం నిజంగానే చల్లారింది. అందుకు కూడా నేను వాళ్ళనే అంటాను.