ఎర్ర గడుల కాగితం

రబ్బరు చేతితొడుగుల పెట్టె విప్పినప్పుడల్లా నాకు మా ఇంటి వాసన వస్తుంది. మాది చీరలు నేసే ఇల్లు; నూలుకు రంగు అంటకూడని చోట బిగించి కట్టడానికి పాత సైకిల్ ట్యూబును సన్నటి పట్టీలుగా కోసేవాళ్లం. ఆ పనిలో సగం చెల్లె లావణ్యది. పదిహేనో ఏట దానికి కడుపునొప్పి మొదలయ్యాక మొత్తం నాదైంది. దానికి దానిమ్మ రసం, నాకు రబ్బరు వాసన.

"మళ్ల మొదలైంది నాటకం. టికెట్ ఎంతనే?" అనేదాన్ని. చీర డిజైను గీసే గ్రాఫు కాగితం మీద, అది పని ఎగ్గొట్టిన రోజుకో గడి ఎర్రగా నింపి, పక్కన తారీఖు రాసి దాచాను. ఏదో ఒకరోజు బాపు ముందు పెట్టాలని.

మాత్రలు పనిచేయలేదు. మొదట చూసిన డాక్టరు, స్కానింగులో కనబడిన గడ్డతో పాటు గర్భసంచే తీసేయాల్సి రావచ్చన్నాడు. ఆ రోజు నాకు జోకు దొరకలేదు.

నల్లగొండలో సుగుణ డాక్టరమ్మ దగ్గరికి పోయాం. "ఎప్పుడెప్పుడొస్తది, బిడ్డా?" అని ఆమె చెల్లెను అడిగారు. "ఎప్పటికీ వస్తనే ఉంటది మేడం" అంది అమ్మ. నేను కాగితం తీసిచ్చాను.

డాక్టరమ్మ ఎర్ర గడుల మీద వేలు పెట్టి తారీఖులు లెక్కపెట్టారు. "నెలనెలా బయటుండే రోజులల్లనే వస్తున్నది. నొప్పి ఏ దిక్కు?"

"ఎడమ దిక్కే. చెయ్యి ఆడనే పెట్టుకుంటది" అన్నాను.

"ఎవరు రాసిన్రు?"

"నేనే. దీని దొంగాటకం పట్టుకుందామని."

"కుళ్లుకున్నవా?"

"బాగనే."

"మంచిదే. ప్రేమ ఉన్నోళ్లు తారీఖులు మర్చిపోతరు."

ఎమ్మారైలో గర్భసంచి గోడలో ఎడమ పక్కన నెత్తురు నిండిన బుడగ కనబడింది. ఆ వయసులో అరుదట. "సంచి పోతదా డాక్టరమ్మా?" అన్నాడు బాపు. "బుడగ మట్టుకే తీసి గోడ కుడత. నిలుస్తదనే అనుకుంటున్న."

ఆపరేషన్ గది బయట నా వేళ్లు ఊరికే ఉండక, జేబులో దొరికిన రబ్బరు పట్టీని ముడివేసి విప్పుతూ ఉన్నాయి. డాక్టరమ్మ బయటికొచ్చి, "సంచి ఉన్నది, పోయి చాయ్ తాగుండ్రి" అన్నారు. అమ్మ ఏడ్చింది. నేను చాయ్‌కి లేచాను.

తర్వాత నేను నర్సునై నాలుగేళ్లు డాక్టరమ్మ పక్కనే నిలబడి తొడుగులు అందించాను. రిటైరైన ఆమెకు ఇప్పుడు ఫోను చేసినా మొదటి మాట, "లావణ్య మంచిగున్నదా?" నా సంగతి ఆఖరికి, అదీ గుర్తుంటే. ఇప్పటికీ మండుతుంది.

నా వార్డుకు కడుపునొప్పితో పిల్లెవరైనా వస్తే, ముందు తలుపు వైపు చూస్తాను. అక్కడ మూతి తిప్పుకుని నిలబడ్డ అక్కో చెల్లెలో ఉంటే, మొదటి కుర్చీ ఆమెకే వేస్తాను.