ముఖం తిప్పుకుని కట్టిన పూలు

ఆత్మకూరు బస్టాండు దగ్గర పూలమ్మే అవ్వ మాల కడుతున్నంతసేపూ ముఖం పక్కకు తిప్పుకునే ఉండేది. "ఏ పువ్వు దేవుడికి పోతాదో నాకేం తెలుసు నాయనా? వాసన చూస్తే ఎంగిలైపోదా?" అనేది. ఫోటో కోసం నేను బుట్ట మీదికి వంగితే, "మొగం ఎనక్కి తియ్" అని కసిరేది. నాకదంతా చాదస్తంగా తోచేది.

నెల్లూరులో ఒక గ్యాలరీలో నా పూల ఫోటోలు ప్రదర్శనకు పెట్టినప్పుడు, ఆమెను బస్సులో వెంటబెట్టుకుని వెళ్లాను. అన్నీ ఆమె బుట్టలో తీసినవే. మెచ్చుకుంటుందేమోనని వెనకే తిరిగాను. ఒక్కో ఫోటో చూసుకుంటూ ముందుకు నడిచిపోయింది. తలుపంత పెద్దదిగా ప్రింటు వేయించిన మల్లెపువ్వు ముందు మాత్రం ఆగిపోయింది.

"ఇది దేవుడికి పొయ్యేది కాదు గదా?" అని అడిగింది.

కాదన్నాను.

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, ఫ్రేము అద్దానికి ముక్కు ఆనించి, కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. అటుగా పోతున్న వాళ్లెవరో నవ్వారు. నాకు సిగ్గేసింది.

"వాసన యాడొస్తాది అవ్వా, అది కాయితం గదా" అన్నాను.

"తెలుసులే నాయనా. పువ్వును ముక్కు కాడ పెట్టుకుంటే ఎట్టుంటాదో చూసినా" అంది.