రోజు చెప్పని బిల్లు

బ్రిటన్ పార్లమెంటు దిగువ సభలోని బిల్లుల ఆఫీసుకు నన్ను వేసింది ఒక అక్టోబరులో. అంతకుముందు ఇల్ఫర్డ్‌లో స్థానిక కౌన్సిల్ ఉద్యోగం చేసేదాన్ని. కొత్త హోదా పెద్దదేమీ కాదు. సభ్యులు తెచ్చే బిల్లుల కాగితాలు తీసుకోవడం, సంతకం, తేదీ సరిచూడటం, సభ కార్యక్రమ పత్రంలో చేర్చడం. తెనాలిలో మా బంధువులు మాత్రం బ్రిటన్‌కి చట్టాలు నేనే రాస్తున్నానని చెప్పుకునేవారు. నేనూ అంత గట్టిగా ఖండించలేదు.

ప్రభుత్వం తెచ్చే బిల్లులకు సమయానికి కొదవ ఉండదు. మంత్రులు కాని సభ్యులు సొంతంగా తెచ్చేవాటికి ఏడాది మొత్తంలో కొన్ని శుక్రవారాలే దక్కుతాయి. ఆ రోజు మధ్యాహ్నం రెండున్నరకు చర్చ ఆగిపోతుంది. మిగిలిపోయిన బిల్లుల పేర్లను బల్ల దగ్గరి క్లర్కు ఒక్కొక్కటే చదువుతారు. ఎవరూ నోరెత్తకపోతే ఆ బిల్లు చర్చ లేకుండానే రెండో పఠనం అనే మెట్టు దాటి కమిటీకి వెళుతుంది. ఒక్కరు లేచి ‘అబ్జెక్ట్’ అన్నా అక్కడితో ఆగిపోతుంది. అప్పుడు సభాపతి స్థానంలో ఉన్నవారు ‘మళ్ళీ ఏ రోజు?’ అని అడుగుతారు. బిల్లు తెచ్చినవారు ఇంకో శుక్రవారం చెప్పాలి. ఏళ్ల తరబడి పడ్డ కష్టం అర నిమిషంలో తేలిపోతుంది.

నేను చేరిన రెండో ఏడు మార్గరెట్ అనే సభ్యురాలు ఒక బిల్లు తెచ్చారు. ఆవిడ ఒకప్పుడు నర్సు. ఇక్కడ సర్జరీలని పిలిచే డాక్టర్ల క్లినిక్కుల్లోనూ ఆసుపత్రుల్లోనూ ఇంగ్లీషు రాని రోగికి దుబాసీని ఏర్పాటు చేయాలి, పిల్లల చేత చెప్పించకూడదు. అంతే బిల్లు. ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివాను. కారణం చెబుతాను.

మా అమ్మాయి కావ్య తన పదో ఏట ఒకసారి స్కూలు సెలవుల్లో, ఇంగ్లీషు రాని మా అత్తయ్యకు తోడుగా జీపీ దగ్గరికి, అంటే మా పేట డాక్టరు దగ్గరికి వెళ్ళింది. నాకు సెలవు దొరకలేదు, మా ఆయనకు ఆసుపత్రిలో రోటా డ్యూటీ. మూత్రపిండంలో గడ్డలా ఏదో కనబడుతోందని, వెంటనే పెద్ద డాక్టరుకు చూపించాలని జీపీ చెప్పారు. పిల్లకు అర్థమైంది. ‘ఏం లేదు నానమ్మా, మాత్రలు వేసుకుంటే చాలట’ అని తెలుగులో చెప్పింది. మూడు వారాల తరవాత ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చేదాకా మాకెవరికీ తెలియదు. అత్తయ్య ఆపరేషనయ్యి కోలుకుంది. ఆ మూడు వారాలూ కావ్య సరిగ్గా అన్నం తినలేదు. కంచంలో వదిలేస్తోందని నేను రోజూ తిట్టాను. ఆ తిట్లు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

మార్గరెట్ మంత్రిని ఒప్పించారు. ప్రభుత్వపక్షం విప్ కూడా అడ్డు చెప్పనని మాటిచ్చారు. అందరూ మరిచిపోయింది ఎడ్విన్ గారిని. ఆయన డెబ్భై దాటిన సభ్యుడు, వెనక బెంచీలో కూర్చుంటారు. చర్చ లేకుండా చట్టం చేయడం తలుపు కొట్టకుండా ఇంట్లోకి రావడమేనని ఆయన వాదన. అందుకని శుక్రవారం శుక్రవారం వచ్చి అన్నిటికీ అడ్డు చెప్పేవారు.

మార్గరెట్ బిల్లు వంతు వచ్చిన శుక్రవారమూ అడ్డు చెప్పారు. ‘మళ్ళీ ఏ రోజు?’ అన్న ప్రశ్న రెండుసార్లు వినబడింది. ఆఫీసులో తెర మీద చూస్తున్నాను. మార్గరెట్ కొయ్యబారిపోయి కూర్చున్నారు. తేదీ చెప్పలేదు. క్లర్కు తరవాతి బిల్లు పేరు చదివేశారు.

పావుగంటలో ఆవిడ మా గదికి వచ్చారు. ‘నా చేతులతో నేనే చంపుకున్నాను’ అన్నారు. కుర్చీ చూపించాను, టీ తెచ్చిచ్చాను. రోజు చెప్పని బిల్లు కార్యక్రమ పత్రంలోంచి జారిపోతుందే కానీ చావదని, తేదీ రాసి సంతకం చేసిస్తే మళ్ళీ ఎక్కుతుందని వివరించాను. మిగిలింది ఒకే శుక్రవారం. అందులో తన బిల్లు అట్టడుగున ఉంటుందని ఆవిడ అన్నారు. రెండున్నర తరవాత అట్టడుగుదీ చదువుతారని చెప్పాను. ఆవిడ తేదీ రాసి సంతకం చేశారు. ఎడ్విన్ గారిని ఎవరైనా కలిశారా అని అడిగాను. పార్టీ పెద్దలందరినీ కలిశారట, ఆయన్ని తప్ప.

తరవాతి మంగళవారం ఆయనే మా గదికి వచ్చారు. చేతిలో బిల్లు ప్రతి, అంచుల నిండా పెన్సిల్ రాతలు.

‘మీరు ఇంట్లో వేరే భాష మాట్లాడతారు కదా. పిల్లల చేత ఇలాంటివి నిజంగా చెప్పిస్తారా?’ అన్నారు.

కావ్య సంగతి చెప్పాలనిపించింది. చెబితే ఆయన వింటారని కూడా తెలుసు. కానీ ఆ గదిలో అన్ని పార్టీలవాళ్ళూ నన్ను నమ్మి కాగితాలు ఇస్తారు. ఒక బిల్లు పక్షాన నోరు తెరిస్తే రేపటి నుంచి ఆ నమ్మకం ఉండదు.

‘అది నేను చెప్పకూడదండీ. బిల్లు తెచ్చినావిడ చెప్పగలరు. ఆవిడ గది పై అంతస్తులో’ అన్నాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని మెట్లెక్కారు. ఆ వారమే మార్గరెట్ ఆయన్ని తన నియోజకవర్గంలో ఒక సర్జరీకి తీసుకెళ్ళారని, ఆయన ఒక పూటంతా వెయిటింగ్ రూములో కూర్చున్నారని తరవాత విన్నాను.

చివరి శుక్రవారం క్లర్కు ఆ బిల్లు పేరు చదివారు. ఎడ్విన్ గారు తన చోటనే ఉన్నారు, అడ్డు చెప్పలేదు. బిల్లు రెండో పఠనం దాటింది. ఫైళ్ల బీరువా వెనక నిలబడి ఏడ్చాను. సాయంత్రం ఎడిన్‌బర్గ్‌కి ఫోన్ చేసి కావ్యకు చెప్పాను. అది అక్కడ ఫార్మసిస్టు. ‘That’s good, Mum’ అంది. ఆ వెంటనే తెలుగులో, ‘ఇంకెవరూ నాలా చెప్పక్కర్లేదా అమ్మా?’ అంది.

కానీ పిల్లలు ఇంకా చెప్పాల్సే వచ్చింది. కమిటీ పని పూర్తికాకముందే సమావేశాల కాలం ముగిసింది. అప్పుడు ఇలాంటి బిల్లులు నిజంగానే పోతాయి, వాటిని మళ్ళీ బతికించడానికి ఏ ఫారమూ లేదు.

కొత్త సమావేశాలు మొదలయ్యాక మా దగ్గర లాటరీ పుస్తకం పెడతారు. సొంత బిల్లు తేదలచినవాళ్ళు ఒక నంబరు ఎదుట సంతకం చేస్తారు; లాటరీలో నంబరు వచ్చినవాళ్ళ బిల్లులకే ఆ శుక్రవారాల్లో ముందు వంతు. ఎడ్విన్ గారు తన జన్మలో ఆ పుస్తకం ముట్టుకోలేదు. ఆ ఏడు వచ్చి సంతకం చేసి, నంబరు వస్తే మార్గరెట్ బిల్లే తెస్తానని, ఆ పాత ప్రతి తీసి ఉంచమని అడిగారు. నంబరు రాలేదు. మరుసటి ఏడూ సంతకం చేశారు, రాలేదు. నేను రిటైరైన ఏడు కూడా ఆయన పేరు పుస్తకంలో ఉంది.

చట్టం ఎలా అవుతుందని నన్ను చాలామంది అడుగుతారు. ఓట్ల సంగతి పుస్తకాల్లో ఉంటుంది. నేను చూసి నేర్చుకున్నది ఇంతే: ‘మళ్ళీ ఏ రోజు?’ అన్నప్పుడు ఎవరో ఒకరు రోజు చెబుతూ ఉండాలి. పాత ప్రతిని బీరువా పై అరలో పెట్టి, అదెక్కడుందో నా తరవాత వచ్చినావిడకు చూపించి వచ్చాను.